ఆర్పి చూపించు

నలభై తెరల మీద ఒకే చిలక
నలభైసార్లు రెక్క విప్పుతుంటుంది మా కొట్లో.
కొనేవాళ్ళంతా ఆ ఈకల్నే చూస్తారు,
ఎంత ఎరుపు, ఎంత పచ్చ, ఎంత దగ్గర అని.
నేనూ అవే చెబుతాను.
పదకొండేళ్ళుగా నోరు దానంతటదే తిరుగుతుంది,
మూసేవేళకి నాకూ ముక్కు వంకరపోతుంది.

ఎర్మెలిందా గారు మాత్రం
వాల్పరాయిసో కొండ దిగొచ్చి
చేతిసంచీలోంచి ఒక నూలుతాడు తీశారు.
దానికి రెండు ముడులు.
"ఈ ముడి నుంచి ఆ ముడి దాకా గోడ.
అటు తలుపు, ఇటు మందుల బల్ల.
ఇందులో పట్టేవాటిలో అన్నిటికన్నా పెద్దది."
అరవై అయిదు అంగుళాలు, అన్నాను.
అడ్డంగా కొలవరమ్మా, మూల నుంచి మూలకి.
"మూలల్లో ఏం చూస్తాం నాయనా," అన్నారు.

మొదటిదాని ముందు నిలబడి
చిలక వంక చూడనైనా చూడకుండా
"ఆర్పి చూపించు," అన్నారు.
పెంచమంటారు, తగ్గించమంటారు,
ఆర్పమన్నవాళ్ళు లేరు ఇన్నేళ్ళలో.
ఆర్పాను.
ఖరీదైనది అది, వెలుగు మింగే తెర.
నడిమధ్యాహ్నం కిటికీ తీసినా
ఒక్క నీడ పడదు, అదే దాని గొప్ప.
బొగ్గు గోడలా ఉంది.
ఆవిడ తల అడ్డంగా ఊపారు.
రెండోది. మూడోది.
ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వెళ్ళాం,
మా వెనక చిలకలు రాలిపోతూ.

చివర, మూలన, తగ్గింపు చీటీ అంటించిన పాతరకం.
"ఇది వద్దమ్మా," అన్నాను, నిజాయితీగానే.
"గాజు మరీ నున్నన. ఎదురుగా కిటికీ ఉంటే
బొమ్మ కన్నా కిటికీయే కనబడుతుంది.
ముగ్గురు తీసుకెళ్ళి తిరిగిచ్చేశారు."
ఆర్పాను.
అందులో ఆవిడ, ఆవిడ వెనక నేను,
నా వెనక తలుపు, తలుపవతల వీధి,
వీధిలో కమలాల బండి,
పళ్ళు లెక్కపెట్టుకునేంత.
ఎర్మెలిందా గారు కాస్త పక్కకి జరిగారు,
కమలాలకి అడ్డం రాకుండా.
"ఇదే."

కొండెక్కే పాత బోగీలో
పెట్టెని ముగ్గురు ప్రయాణికుల మోకాళ్ళకి ఆనించి
నేనే పట్టుకెళ్ళాను.
నోల్బెర్తో గారి మంచం ముందుగదిలో.
ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవులో క్రేను మీద కూర్చున్న మనిషి.
పోయిన చలికాలం ఒక పక్క పడిపోయింది,
మెడ తిరగదు.
మంచం తిప్పుదామంటే గది ఒప్పుకోదు.
తల వెనక కిటికీ, కిటికీ నిండా రేవు,
ఆయన కళ్ళకి మాత్రం సున్నం గోడ.
కూత వినబడితే ఏ ఓడో చెప్పమనేవారట.
"నాకు ఓడలన్నీ ఒకటే బాబూ.
ఎర్రదంటాను, పెద్దదంటాను. ఆయనకి కోపం."

మేకులు దిగాయి. ఆవిడ వెళ్ళి
మంచం మీద ఆయన పక్కనే పడుకుని
ఇంకాస్త వంచు, ఇంకాస్త, చాలు, అన్నారు.
నేను ప్లగ్ అందుకుంటే
"అది తర్వాత."

నల్లటి గాజులో నీళ్ళు.
పసుపు క్రేన్లు. లంగరేసిన ఓడ,
దాని పేరు కుడి నుంచి ఎడమకి.
ఆయన పేరు చదవలేదు.
నడుము చూశారు, పొగగొట్టం చూశారు.
కదిలే సగం పెదవితో
ఏదో జెండా, ఏదో బరువు,
ఎవరో మేస్త్రీకి ఒక పాతబాకీ తిట్టు.
ఆవిడ టీ పెట్టడానికి లేచారు.
రిమోట్ అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

నిన్న పొద్దున్నే కొట్టుకి ఫోను.
"యెర్కో, బొమ్మ రావడం లేదు. అంతా తెల్లగా ఉంది."
వారంటీ కాగితం వెతుకుతూ, అలవాటుకొద్దీ,
ప్లగ్ సరిగ్గా ఉందా అన్నాను.
"ప్లగ్గా?" అన్నారావిడ.
ఫోను చెవిన పెట్టుకునే తలుపు దాకా వెళ్ళాను.
సముద్రం మీంచి పొగమంచు, వీధి చివరి దాకా.
కమలాల బండి కూడా సగమే ఉంది.
కంపెనీ తప్పు కాదమ్మా, అన్నాను,
పదకొండింటికల్లా వచ్చేస్తుంది.